మార్మన్ మిషనరీగా వేరే దేశం వెళ్ళినవాళ్ళు రోజంతా అసలేం చేస్తారు? తమ్ముడు వెళ్తున్నాడు

పిన్నికొడుక్కి_అన్న:

మా పిన్ని వాళ్ళబ్బాయికి 19 ఏళ్ళు. వాళ్ళింట్లో లేటర్ డే సెయింట్స్ చర్చి, అదే బయట అందరూ మార్మన్ అంటారు కదా అది. మేం కాదు. పోయిన వారం వాడికి కాల్ వచ్చింది, ఏ మిషన్‌కి (అంటే మిషనరీలు పనిచేసే ఏరియాకి) పంపుతున్నారో చెప్పే లెటరన్నమాట, ఇప్పుడు అది ఆన్‌లైన్లోనే వస్తోంది, అందరూ చుట్టూ కూర్చుంటే వాడు లాప్‌టాప్ తెరిచి పైకి చదివాడు, ఫిలిప్పీన్స్, రెండేళ్ళు. వాడైతే గాల్లో తేలిపోతున్నాడు. బాబాయ్ కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు. పిన్ని మాత్రం పైకి నవ్వుతూనే రోజూ రాత్రి నాకు ఫోన్ చేసి "అక్కడ రోజంతా ఏం చేస్తార్రా, నువ్వు కాస్త నెట్‌లో చూసి చెప్పు" అంటోంది, ఆవిడ పెళ్ళయ్యాక చర్చిలో చేరింది, తను ఎప్పుడూ మిషన్‌కి వెళ్ళలేదు కాబట్టి ఆవిడకీ ఇది కొత్తే.

నెట్‌లో చూస్తే రెండే రకాలు కనపడుతున్నాయి. ఒకటి అంతా వెలుగే వెలుగు, ఇంకోటి అంతా జైలే. మధ్యలో మామూలు మంగళవారం ఎలా ఉంటుందో ఎవరూ రాయలేదు. మతం కరెక్టా కాదా అన్న గొడవ ఇక్కడ వద్దు ప్లీజ్. పొద్దున లేస్తే ఏం చేస్తారు, ఎవరితో ఉంటారు, ఇంటికి ఫోన్ చేసుకోనిస్తారా, ఒంట్లో బాలేకపోతే ఎవరు చూస్తారు, జీతం ఏమైనా ఇస్తారా, మధ్యలో వాళ్ళక్క పెళ్ళి కుదిరితే రానిస్తారా, ఇవీ పిన్ని డౌట్లు. నా డౌట్ ఒకటే, వీడు ఇప్పటిదాకా ఒక్కడే ఒక గ్లాసు కూడా కడగలేదు, వీడు బతుకుతాడా?

పాత_ఎల్డర్:

బతుకుతాడు. గ్లాసులే కాదు బాత్రూమ్ కూడా కడుగుతాడు చూడు.

నేను అక్కడే సర్వ్ చేశా, నీ తమ్ముడిది ఏ మిషనో తెలీదు కానీ (ఫిలిప్పీన్స్ ఒక్కదాంట్లోనే ఇరవై దాటి ఉన్నాయి) రోజు షేప్ మాత్రం ప్రపంచంలో ఎక్కడైనా దాదాపు ఒకటే. పొద్దున ఆరున్నరకి లేవాలి. లేచి ప్రార్థన, ఒక అరగంట ఎక్సర్‌సైజ్, స్నానం, టిఫిన్, ఎనిమిదికల్లా బల్ల ముందు కూర్చోవాలి. ముందు ఎవరికి వాళ్ళు చదువుకోవడం, తర్వాత ఇద్దరూ కలిసి చదవడం, ఆరోజు ఎవరింటికి వెళ్తున్నాం ఏం చెప్తున్నాం అన్నది అనుకోవడం, భాష కొత్తయితే దానికి ఇంకో గంట. పదింటికి బయటపడితే రాత్రి తొమ్మిదికి ఇల్లు, ఎవరింట్లోనైనా లెసన్ నడుస్తుంటే తొమ్మిదిన్నర. పదిన్నరకి లైటాపేయాలి. 2017లో ఈ టైమ్‌టేబుల్‌ని కొంచెం వదులు చేశారు, అక్కడి పరిస్థితిని బట్టి మిషన్ ప్రెసిడెంట్ (ఆ మిషన్ మొత్తానికి పెద్ద) అటూ ఇటూ మార్చుకోవచ్చు, కానీ ఎనిమిది గంటల నిద్ర మాత్రం అలాగే ఉంచారు, దేవుడి దయ.

పదింటి నుంచి తొమ్మిది దాకా ఏం చేస్తాం అనే కదా మీ పిన్ని అడిగేది. నిజం చెప్పాలంటే నడుస్తాం. సినిమాల్లో చూపించినట్టు వరసగా తలుపులు కొట్టుకుంటూ పోవడం అక్కడ తక్కువ, గేటు బయట నిలబడి "తావ్ పో" (మనిషొచ్చాడండీ అని వాళ్ళ భాషలో) అని గట్టిగా కేకేయాలి, లోపల్నుంచి ముందు కుక్క వస్తుంది, తర్వాత ఒక చిన్నపిల్ల వచ్చి మమ్మల్ని చూసి మళ్ళీ లోపలికి పరిగెడుతుంది, ఆ తర్వాత పెద్దావిడ వస్తుంది. ఫిలిప్పీన్స్ వాళ్ళు మొహం మీద తలుపేసే రకం కాదు, కూర్చోమంటారు, ఏదో ఒకటి తినమంటారు, చెప్పిందంతా వింటారు, రేపు రండి అంటారు, రేపు వెళ్తే ఇంట్లో ఉండరు. ఉన్నా లేరని లోపల్నుంచి పిల్లాడితో చెప్పిస్తారు, ఆ పిల్లాడు వచ్చి "అమ్మ లేదని చెప్పమంది" అని అక్షరం పొల్లుపోకుండా చెప్తాడు. యూరప్‌లో చేసిన మావాళ్ళు వారంలో ఒక్క మనిషి కూర్చుని మాట్లాడితే పండగ చేసుకునేవాళ్ళు, మాకు మనుషుల కొరత లేదు, అన్నమాట మీద నిలబడేవాళ్ళ కొరత.

లెసన్ అంటే ఉపన్యాసం కాదు. ఒక ముప్పావుగంట కూర్చుని జోసెఫ్ స్మిత్ (మా చర్చిని మొదలుపెట్టినాయన) సంగతి చెప్పి, బైబిల్‌తో పాటు మేం చదివే బుక్ ఆఫ్ మార్మన్ ఇచ్చి, ఫలానా చాప్టర్ చదివి ప్రార్థన చేసి చూడండి అంటాం. మళ్ళీ వెళ్ళినప్పుడు చదివారా అని అడుగుతాం. చదవరు. అప్పుడు వాళ్ళతో కూర్చుని అదే చాప్టర్ మనమే చదువుతాం. ఇంట్రెస్ట్ ఉండి బాప్టిజం దాకా వస్తామన్నవాళ్ళు సిగరెట్, మందు, కాఫీ, టీ మానేయాలి, ఆదివారం చర్చికి రావాలి. రోజూ పొద్దున మూడు కాఫీలు తాగే మనిషిని మానమని 19 ఏళ్ళవాడు చెప్పడం, ఆవిడ సరే నాన్నా అని నిజంగానే మానడానికి ట్రై చేయడం, అది దగ్గరుండి చూస్తే వేరేగా ఉంటుంది. మధ్యమధ్యలో సర్వీస్ ఉంటుంది, ఎవరిదో కప్పు రేకులు బిగించడం, తుఫాను వెళ్ళాక ఇంట్లో బురద ఎత్తిపోయడం, ఊళ్ళో పిల్లలకి ఫ్రీగా ఇంగ్లీష్ క్లాసు.

సోమవారం పీ-డే, ప్రిపరేషన్ డే. పొద్దున్నుంచి సాయంత్రం ఆరు దాకా మనది. మనది అంటే మరీ ఊహించుకోకు, బట్టలు ఉతుక్కోవడం, సరుకులు, జుట్టు కత్తిరించుకోవడం, ఇంటికి మెయిల్, టైముంటే డిస్ట్రిక్ట్‌లో (దగ్గర్లో పనిచేసే కొద్దిమంది మిషనరీల గ్రూపు) ఉన్న మిగతా ఎల్డర్లతో (మగ మిషనరీలని అలా పిలుస్తారు) బాస్కెట్‌బాల్. మా ఇంట్లో వాషింగ్ మెషిన్ ఉండేది కాదు. తెల్ల చొక్కా కాలర్ లోపలివైపు చెమటా దుమ్మూ కలిసి ఒక గోధుమరంగు గీత పడుతుంది చూడు, దాన్ని బట్టల సబ్బుతో రుద్ది, పాత టూత్‌బ్రష్‌తో మళ్ళీ రుద్ది, బకెట్లో నానేసి, ఇంకోసారి రుద్దినా ఒక నీడలాగా అలాగే ఉంటుంది, సోమవారం సగం దానికే పోయేది. వానాకాలమైతే గురువారానిక్కూడా ఆరవు. తడి చొక్కా వేసుకుని టై కట్టుకుని బయల్దేరడమే.

ఫోన్ సంగతి, ఇది పిన్నికి వెంటనే చెప్పు. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి పీ-డే రోజు ఇంటికి వీడియో కాల్ చేసుకోవచ్చు. అంతకుముందు ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. మా అమ్మ ఆ రెండు కాల్స్‌తోనే నెట్టుకొచ్చింది, కాబట్టి ఇప్పటి అమ్మలు కంప్లైంట్ చేస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది, సారీ. స్మార్ట్‌ఫోన్ ఇస్తారు కానీ దాంట్లో ఏం చూస్తున్నావో పక్కనున్నవాడికి కనపడాలి, సినిమాలూ సిరీస్‌లూ లేవు, గర్ల్‌ఫ్రెండ్‌తో చాటింగ్ లేదు, ఫేస్‌బుక్ ఉంది కానీ పని కోసం.

ఇక అసలు విషయం. వాడు ఎవరితో ఉంటాడు అన్నావు కదా. కంపానియన్‌తో. ఇరవైనాలుగ్గంటలూ. ఇంకో ఎల్డర్, ఏ దేశం వాడో తెలీదు, నువ్వు ఎంచుకోలేదు, వాడూ నిన్ను ఎంచుకోలేదు, ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు కనపడేంత వినపడేంత దూరంలోనే ఉండాలి, బాత్రూమ్ తప్ప. పడుకునేదీ ఒకే గదిలో, మంచాలు వేరు. ఆరువారాలకోసారి ట్రాన్స్‌ఫర్ అని వస్తుంది, దాంట్లో నువ్వు మారొచ్చు, వాడు మారొచ్చు, ఇద్దరూ అలాగే ఉండిపోవచ్చు. ఎండ కాదు, వాన కాదు, కుక్కలు కాదు, భాష కాదు, మిషన్ మొత్తంలో కష్టం ఇదే అని నా లెక్క. సొంతంగా ఒక్క నిమిషం ఉండదు. నాకొక కంపానియన్ ఉండేవాడు, చాలా మంచివాడు, తినేటప్పుడు ప్రతి ముద్దకీ ఒక చప్పుడు చేసేవాడు, మామూలుగా ఐతే దాన్నెవడైనా పట్టించుకుంటాడా, కానీ మూడుపూటలా ఎదురుగా కూర్చుని వింటే మూడోవారానికి ఆ చప్పుడు కలలోకొస్తుంది. దీనికి వాళ్ళే ఒక పద్ధతి పెట్టారు, వారానికోసారి ప్లానింగ్ అయ్యాక ఇద్దరూ ఎదురెదురు కూర్చుని ముందు నీలో నాకు నచ్చింది ఇది అని చెప్పి, తర్వాత ఇబ్బంది ఏంటో చెప్పుకోవాలి. వినడానికి పెళ్ళి కౌన్సెలింగ్‌లాగా ఉంటుంది, పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు ఇద్దరు మొహాలు ఎర్రగా చేసుకుని "నువ్వు అలారం ఆఫ్ చేసి మళ్ళీ పడుకుంటున్నావు" అని మర్యాదగా చెప్పుకోవడం. కానీ పనిచేస్తుంది. ఇళ్ళల్లో పెరిగిన మగపిల్లలకి ఇది ఎవరూ నేర్పరు.

జస్ట్_అడుగుతున్నా:

మతం గొడవ వద్దన్నారు కాబట్టి ఆ జోలికి పోను. డబ్బు గురించి అడగొచ్చా. రెండేళ్ళు పొద్దున్నుంచి రాత్రి దాకా పని, జీతం సున్నా, పైగా ఎదురు వీళ్ళే కడతారని విన్నా. నిజమేనా? ఇంకో కంపెనీ ఎవడైనా ఇలా చేయిస్తే మనం ఏమంటాం?

పాత_ఎల్డర్:

నిజమే బ్రో, జీతం లేదు, కట్టేది మనమే. అమెరికా లాంటి దేశాల వాళ్ళకి 2020 జూలై నుంచి నెలకి 500 డాలర్లు, అంతకుముందు 400. ఏ దేశానికి వెళ్ళినా అంతే, ఖరీదైన దేశం పడ్డవాడి మీద ఎక్కువ భారం పడకుండా అందరిదీ ఒకే కుండలో వేసి అక్కణ్ణుంచి ఖర్చుపెడతారు. అంత కట్టలేని దేశాల వాళ్ళకి ఎంత వీలైతే అంత, మిగతాది చర్చి ఫండ్ నుంచి వస్తుంది. చాలామంది కుర్రాళ్ళు వెళ్ళేముందు ఏడాది పార్ట్‌టైమ్ చేసి కొంత కూడబెట్టుకుంటారు. అక్కడికెళ్ళాక ఇంటద్దె మిషన్ ఆఫీసే కడుతుంది, తిండికీ బస్సులకీ నెలనెలా కార్డులో కొంచెం పడుతుంది, నెలాఖరుకి అది అయిపోతుంది, అప్పుడు నూడుల్స్. కంపెనీతో పోలిక నాకు ఎక్కదు, ఎవడూ సంతకం పెట్టించి లాక్కెళ్ళలేదు, వద్దనుకుంటే వచ్చేయొచ్చు. కానీ వచ్చేయడం ఎంత ఈజీ అంటే అది వేరే సంగతి, ఇంట్లో వాళ్ళూ చర్చిలో వాళ్ళూ ఏమంటారో అన్న బరువు ఉంటుంది, అది లేదని నేను అనను.

జస్ట్_అడుగుతున్నా:

ఆ ఆఖరి ముక్క ఒప్పుకున్నారు, చాలు. నేను అడగాలనుకుంది అదే.

మాజీ_సిస్టర్:

లేట్‌గా చూశానండి ఈ థ్రెడ్. అబ్బాయిల లెక్క ఎల్డర్ గారు చెప్పేశారు, అమ్మాయిలది కొంచెం వేరు కాబట్టి రాస్తున్నా, పైగా ఒకట్రెండు చోట్ల ఆయనతో నాకు పేచీ ఉంది.

మేం పద్దెనిమిది నెలలు. 2012లో వయసు తగ్గించారు, అబ్బాయిలకి 19 నుంచి 18కి, అమ్మాయిలకి 21 నుంచి 19కి, దాంతో ఒక్కసారిగా సిస్టర్లు, అంటే అమ్మాయి మిషనరీలు, బాగా పెరిగారు, నేను ఆ అలలో వెళ్ళినదాన్నే. మా టైంలో స్కర్టులే. సైకిల్ మీద స్కర్టుతో వెళ్ళడం ఎంత కష్టమో అబ్బాయిలకి తెలీదు. 2018 చివర్లో సిస్టర్లు ప్యాంట్లు వేసుకోవచ్చు అన్నారు, నేను అప్పటికే ఇంటికొచ్చేశా, ఆ వార్త చదివి ఆనందం కంటే కోపమే ఎక్కువొచ్చింది.

పేచీ ఏంటంటే కంపానియన్. ఆయన కష్టం అంతా అదే అన్నారు, నాకు మాత్రం నన్ను నిలబెట్టింది అదే. కొత్త దేశంలో, రాని భాషలో, పేరు పెట్టి పిలిచేవాళ్ళు కూడా లేని చోట (సిస్టర్ ఫలానా అని ఇంటిపేరుతోనే పిలుస్తారు, నల్ల నేమ్‌ట్యాగ్ మీద కూడా అదే ఉంటుంది) పక్కన ఒక మనిషి అన్నివేళలా ఉండడం అమ్మాయిగా నాకు భద్రత. రాత్రి ఎనిమిదిన్నరకి చీకటి సందులో నడుస్తున్నప్పుడు ఏకాంతం కావాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఇంకో రూల్ కూడా ఉంది, మగవాళ్ళు మాత్రమే ఉన్న ఇంట్లో సిస్టర్లు లోపల కూర్చుని లెసన్ చెప్పకూడదు, వయసొచ్చిన ఆడమనిషి ఇంకొకరు ఉండాలి, ఎల్డర్లకి కూడా అటు తిప్పి అదే. బయటినుంచి చూస్తే చాదస్తంలా ఉంటుంది. ఒకసారి ఆ రూల్ చెప్పి గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాం, ఆ ఇంటి గురించి తర్వాత చుట్టుపక్కలవాళ్ళు చెప్పింది విన్నాక దాన్ని చాదస్తం అనడం మానేశా.

మొదటి కంపానియన్‌ని ట్రైనర్ అంటారు, ఆ మొదటి పన్నెండు వారాలు ఎవరు పడతారన్నది చాలా ముఖ్యం, నాకు టోంగా నుంచి వచ్చిన అమ్మాయి పడింది, నాకంటే అడుగు పొడుగు, బస్సులో ఎవడైనా పిచ్చి వేషాలేస్తే ఒక్క చూపు చూసేది అంతే. భాష రాక మొదట్లో నేను ప్రతి ఇంట్లో ప్రార్థన వరకూ చెప్పి నవ్వుతూ కూర్చునేదాన్ని. ట్రైనింగ్ సెంటర్లో (అమెరికాలోని ప్రోవోలో పెద్దది ఉంది, మనీలాలో ఒకటుంది, ఇంకా కొన్ని దేశాల్లో ఉన్నాయి) ఆరు వారాలు అటూ ఇటూ భాష నేర్పుతారు, ఇప్పుడు మొదటివారం ఇంటి నుంచే ఆన్‌లైన్లో మొదలెడుతున్నారు. కానీ అక్కడ టీచర్ మాట్లాడేది వేరు, మార్కెట్లో చేపలమ్మే ఆవిడ మాట్లాడేది వేరు. ఎవరైనా ఏదైనా అడిగితే నా ట్రైనర్ కావాలనే నోరు మూసుకుని నావైపు చూసేది. అప్పుడు చంపేయాలనిపించేది. మూడునెలలకి నేను కలలు కూడా ఆ భాషలోనే కంటున్నా.

ఒంట్లో బాలేకపోతే అన్నారు కదా. మిషన్ ప్రెసిడెంట్, ఆయన భార్య, వీళ్ళిద్దరూ మూడేళ్ళు వచ్చి అక్కడే ఉంటారు, వందకి పైగా పిల్లల బాధ్యత వాళ్ళది. జ్వరమొచ్చినా కాలు బెణికినా ముందు ఆవిడకే ఫోన్. డెంగీ, ఫుడ్ పాయిజనింగ్ లాంటివి అక్కడ మామూలు కాబట్టి వాళ్ళు తేలిగ్గా తీసుకోరు, మా మిషన్‌లో ఐతే వెంటనే డాక్టర్ దగ్గరికి పంపేవాళ్ళు. కాకపోతే ఒంట్లో బాలేదని మనం చెప్పాలి. అబ్బాయిలు చెప్పరు, అదీ సమస్య. పిన్ని గారు కాల్‌లో "బాగున్నావా" అని అడిగితే "బాగున్నా" అనే అంటాడు. "నీ కంపానియన్ పేరేంటి, నిన్న ఏం తిన్నారు, ఎవరింటికి వెళ్ళారు" అని అడగమనండి, అప్పుడు కథలొస్తాయి, కథల్లోంచి అసలు విషయం మీకే తెలుస్తుంది.

అక్క పెళ్ళికి రాడు. ఇది ముందే చెప్పేయండి ఆవిడకి. పెళ్ళిళ్ళకి మామూలుగా ఎవరూ రారు, వీడియోలో చూస్తారు. మా అన్నయ్య పెళ్ళి నేను అలాగే చూశా, మధ్యలో నెట్ పోయింది.

పిన్నికొడుక్కి_అన్న:

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. పిన్నికి ఫోన్‌లో చదివి వినిపించా, వారానికోసారి వీడియో కాల్ అన్న దగ్గర "ఇది ముందు చెప్పొచ్చు కదరా" అని నన్నే తిట్టింది. పెళ్ళి సంగతి దగ్గర కాసేపు ఏం మాట్లాడలేదు.

ఇంకో డౌట్. ఆవిడ బయటికి అడగట్లేదు కానీ నాకర్థమైంది, వాడికి అక్కడ పడకపోతే? వాడు పైకి హుషారుగా ఉంటాడు కానీ ఇంటర్‌లో ఒకసారి పరీక్షల ముందు బాగా డల్ అయిపోయాడు, నెలరోజులు గదిలోంచి రాలేదు.

ముందే_వచ్చేశా:

దీనికి నేను రాయాలి.

నేను మధ్యలో వచ్చేశాను. యాంగ్జైటీ. ఎక్కడికి వెళ్ళానో రాయను, చిన్న మిషన్, గుర్తుపట్టేస్తారు. మొదట్లో నిద్ర పట్టేది కాదు, తర్వాత పొద్దున షూ లేస్ కట్టుకోవడానికి కూర్చుని అలాగే ఉండిపోయేవాణ్ణి, కంపానియన్ తలుపు దగ్గర నిలబడి వెయిట్ చేసేవాడు, ఏం అనేవాడు కాదు పాపం. అక్కడ ఫోన్‌లో కౌన్సెలర్‌తో మాట్లాడించారు, కొన్నివారాలు చూశారు, తర్వాత నేనూ వాళ్ళూ కలిసే ఇంటికి వెళ్ళడం మేలనుకున్నాం. వెళ్ళగొట్టలేదు.

కష్టం ఇంటికొచ్చాకే. రెండేళ్ళు పూర్తిచేసి వచ్చినవాడికి ఎయిర్‌పోర్టులో బ్యానర్లు, బెలూన్లు. నాకు నాన్న ఒక్కడే వచ్చాడు. చర్చిలో మంచివాళ్ళే అందరూ, కానీ ఏం అడగాలో తెలీక వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళు. ఏడాది పట్టింది మామూలుగా కూర్చోడానికి. ఇప్పుడు బాగానే ఉన్నా, చర్చికీ వెళ్తున్నా.

నీ తమ్ముడు అప్లికేషన్‌లో ఆ ఇంటర్ సంగతి రాశాడో లేదో కనుక్కో. మెడికల్ ఫామ్‌లో మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు. చాలామంది అబ్బాయిలు పంపరేమోనని దాచేస్తారు. దాచొద్దను. చెప్తే కొన్నిసార్లు ఇంటి దగ్గరే ఉండి చేసే సర్వీస్ మిషన్ ఇస్తారు, కొన్నిసార్లు సపోర్ట్ ఉన్నచోటికే పంపుతారు. దాచి వెళ్ళి అక్కడ కూలిపోతే పక్కనున్న పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఏం చేయగలడు?

పిన్నిగారికి ఒక్కటే చెప్పు. వాడు ఎప్పుడైనా వచ్చేస్తానంటే "ఎందుకు" అని కాదు, "ఏ ఫ్లైట్" అని అడగమను.

పాత_ఎల్డర్:

తమ్ముడూ బాగా రాశావు. మా మిషన్‌లో కూడా ఇద్దరు ముగ్గురు అలా వెళ్ళారు, వాళ్ళ వెనక మేం మాట్లాడుకున్న మాటలు ఇప్పుడు తలుచుకుంటే బాలేదు.

అన్నా, నువ్వు ఆ ఇంటర్ సంగతి వాడితోనే ఒంటరిగా మాట్లాడు, పిన్ని ముందు వద్దు. కాల్ వచ్చాక కూడా చెప్పొచ్చు, బిషప్‌కి (మీ ఊరి చర్చి పెద్ద) చెప్తే ఆయన పైకి పంపుతాడు, చెప్పినంత మాత్రాన కాల్ రద్దయిపోతుందని ఏం లేదు.

పిన్నికొడుక్కి_అన్న:

మాట్లాడా. ఫామ్‌లో రాయలేదంట. "అది డిప్రెషనా ఏంటి అన్నా, ఉత్త టెన్షనే కదా" అన్నాడు. గంటసేపు టెర్రస్ మీద కూర్చున్నాం. ఆదివారం బిషప్‌కి తనే చెప్తానన్నాడు, నేను కూడా రానా అంటే అక్కర్లేదన్నాడు, మళ్ళీ రాత్రి మెసేజ్ పెట్టాడు వస్తే రా అని. వెళ్తా.

ఇంకోటి, మర్చిపోతా మళ్ళీ, ఏమేం కొనాలి వాడికి? పిన్ని లిస్టు చూస్తే కంటైనర్ బుక్ చేయాలి.

మాజీ_సిస్టర్:

ఆవిడ లిస్టులో సగం కొట్టేయండి. ఆరువారాలకోసారి మకాం మారాల్సి రావచ్చు, ఆ రెండు సూట్‌కేసులూ తనే మోసుకుని జీప్నీ (అక్కడి షేర్ ఆటోలాంటి పొడుగు జీపు) ఎక్కాలి. దుప్పట్లు, గిన్నెలు ఏవీ వద్దు, అద్దె ఇంట్లో ముందున్న మిషనరీలు వదిలేసినవి గుట్టలుగా ఉంటాయి. కళ్ళజోడు ఉంటే స్పేర్ ఒకటి, వాడే మందులుంటే ప్రిస్క్రిప్షన్ కాపీ, పాస్‌పోర్ట్ జిరాక్సులు రెండు మూడు, ఒకటి ఇంట్లో పెట్టుకోండి, వీసా పనుల కోసం అసలుది ఒక్కోసారి ఆఫీసులోనే ఉండిపోతుంది.

పాత_ఎల్డర్:

షూ. అన్నిటికన్నా షూ మీద డబ్బు పెట్టండి. రెండు జతలు, ఒకటి తడిస్తే ఇంకోటి. మంచి లెదర్ అని మోజుపడి కొనొద్దు, అక్కడి వానకి నెలలో బూజు పట్టేస్తుంది, అడుగు దళసరిగా ఉన్న రబ్బర్ సోల్ చూసి కొనండి, అరసైజు పెద్దది, సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి. చొక్కాలు ఇస్త్రీ అక్కర్లేని రకం. టైలు నాలుగు చాలు, వాటిని కంపానియన్లతో మార్చుకుంటూ పోతాడు, వచ్చేటప్పుడు తీసుకెళ్ళినవి ఒక్కటీ ఉండవు. కొత్త షూతో విమానం ఎక్కనివ్వకండి, ఇప్పుడే కొని ఈ నెలంతా అవే వేసుకుని తిరగమనండి, ఆదివారం బిషప్ దగ్గరికి కూడా నడిచే వెళ్ళండి ఇద్దరూ.